హోటలు పచ్చదా, లోయ పచ్చదా?

శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన, కారులో గంటన్నర దూరంలో నాపా లోయ ఉంది. బే ఏరియాలో స్థిరపడిన తెలుగువాళ్లు ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు గోల్డెన్ గేట్ వంతెన, యోసెమిటీ చూపించాక తీసుకెళ్లే చోటు అదే. ఆ లోయ మధ్యలో యౌంట్‌విల్ అనే చిన్న పట్టణం. అక్కడ ఒకప్పుడు ఇటలీ నుంచి వలస వచ్చిన బార్డెసోనో కుటుంబం వ్యవసాయం చేసుకున్న నేల మీద, వాళ్ల పేరుతోనే 2009లో 62 గదుల హోటలు తెరిచారు. అమెరికా హరిత భవన మండలి ఇచ్చే లీడ్ గుర్తింపుల్లో అన్నిటికన్నా పైది ప్లాటినం. దాన్ని అందుకున్న తొలి హోటళ్లలో ఇదొకటి. మంచి సీజన్లో గది అద్దె రాత్రికి వెయ్యి డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది.

నా బంధువులు ఇద్దరు, ఒక మేనమామ, ఆయన మేనకోడలు, అక్కడ బస చేశారు. మేనకోడలు శాన్ హోసేలో ఇంజనీరు. భవనాలకు ఏసీ, వేడినీటి ఏర్పాట్లు డిజైన్ చేస్తుంది. మేనమామకు ఒకప్పుడు మేడ్చల్ దగ్గర ద్రాక్ష తోట ఉండేది. గది బుక్ చేసింది ఆమె. అక్కడ ఉన్నన్నాళ్లూ, తిరిగొచ్చాక కూడా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. ఎవరి మాట వారిదిగా ఇక్కడ పెడుతున్నాను. నా మొగ్గు ఎటో దాచను.

మామ: రాత్రికి వెయ్యి డాలర్లు పెట్టుడు ఒక ముచ్చట. ఆ వెయ్యి పెట్టి భూమిని కాపాడుతున్నం అని నిమ్మళంగ పండుకునుడు ఇంకో ముచ్చట. మొదటిది నీ సంపాదన, నీ ఇష్టం. రెండోదే నాకు మింగుడు పడలే బిడ్డా. హైదరాబాద్ నుంచి ఇక్కడి దాక విమానంల వచ్చిన. ఆ విమానం తాగిన చమురు ముందట ఈ హోటలోళ్లు మిగిలించే కరెంటు ఎంత?

కోడలు: ఆ లెక్క కాదనను. వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల్లో దాదాపు 8 శాతం పర్యాటకం వల్లేనని 2018లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. లీడ్ మార్కులు వేసేటప్పుడు అతిథి ఎంత దూరం నుంచి వచ్చాడో చూడరు కూడా. కానీ మామా, నువ్వు వచ్చింది హోటలు కోసం కాదు, మమ్మల్ని చూడ్డానికి. నాపాకు ఏడాదికి 35 లక్షల మందికి పైగా వస్తున్నారు. వద్దన్నా వస్తారు. వచ్చినవాళ్లు ఎక్కడో ఒకచోట పడుకోవాలి. ఆ చోటు ఎలా కట్టారన్నదే నా పని, నా ప్రశ్న.

మామ: సరే, ఎట్ల కట్టిన్రో చెప్పు.

కోడలు: నేల కింది నుంచి మొదలుపెడతాను. ఈ హోటలు కోసం డెబ్బైకి పైగా బోర్లు వేశారు. ఒక్కోటి 300 అడుగులు.

మామ: బోరు అంటేనే నా గుండె గుభేలుమంటది. మేం వేసినయి అవే గద. మొదలు నూటయాభై అడుగులకు నీళ్లు పడ్డయి. తర్వాత మూడు వందలు, ఆఖరికి ఆరు వందలు. ఒకని బోరు పారితే పక్కోని బోరు ఎండె. అప్పు చేసి ఇంకోటి వేసుడు, అది ఎండుడు. మా తోటను బతికించింది బోరే, చంపింది బోరే.

కోడలు: ఇవి చుక్క నీరు కూడా తోడవు. మూసిన గొట్టంలో నీళ్లు కిందికి వెళ్లి, పైకొచ్చి, మళ్లీ అవే కిందికి వెళ్తాయి. అంత లోతున నేల ఎండాకాలమైనా చలికాలమైనా దాదాపు ఒకే తీరున, పదిహేను పదహారు డిగ్రీల దగ్గర ఉంటుంది. వేసవిలో గదుల్లోని వేడిని తీసుకెళ్లి నేలకు ఇస్తాం. చలికాలంలో నేల నుంచి వెచ్చదనం తెచ్చుకుంటాం. స్నానాల వేడినీళ్లకూ అదే ఆధారం. మామూలు ఏసీ మండుటెండలో కాగిపోతున్న గాలిలోకే గది వేడిని నెట్టాలి. అది మోటారుకు కష్టం. చల్లటి నేలలోకి నెట్టడం తేలిక. ఆ తేడాయే మిగిలే కరెంటు. పైకప్పు మీద సుమారు 200 కిలోవాట్ల సోలార్ పలకలు. గదిలో మనిషి లేడని తెలిస్తే దీపాలు ఆరిపోతాయి, కిటికీల బయటి తెరలు వాటంతటవే దిగుతాయి. తలుపులకు, గోడలకు వాడిన చెక్క కోసం పనిగట్టుకుని చెట్లు నరకలేదు. కూలినవీ, ఎలాగూ తీసేయాల్సినవీ ఏరి కోయించారు.

మామ: నీళ్లు తోడని బోరు గురించి వినుడు నాకు ఇదే మొదలు. మంచిగున్నది. చెక్క ముచ్చట కూడ ఒప్పుకుంటున్న. స్నానం చేసిన నీళ్లు ఏడికి పోతున్నయి?

కోడలు: యౌంట్‌విల్ పట్టణం మురుగునీటిని శుద్ధి చేసి చుట్టుపక్కల ద్రాక్ష తోటలకు ఇస్తుంది. అది హోటలు గొప్ప కాదు, ఊరి గొప్ప.

మామ: మరి ఆ అట్టముక్కల సంగతేంది? ఏ దేశంల ఏ హోటలుకు పోయినా స్నానాల గదిల ఒకటి ఉంటది. తువ్వాలు మళ్లా వాడుండ్రి, భూమిని కాపాడుండ్రి అని. ఉతుకుడు ఖర్చు తగ్గేది ఎవరికి?

కోడలు: హోటలుకే. ఆ కోపం నీ ఒక్కడిది కాదు. జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికా పర్యావరణవేత్త ఫిజీ దీవుల్లో అలాంటి కార్డే చూశాడు. తువ్వాళ్లు మళ్లీ వాడి పగడపు దిబ్బల్ని కాపాడమంటూనే, ఆ రిసార్టు కొత్త బంగళాలు కట్టుకుంటూ పోతోంది. 1986లో ఆయన రాసిన వ్యాసంతోనే ‘గ్రీన్‌వాషింగ్’ అని తిట్టడం మొదలైంది. అయినా కార్డును పూర్తిగా తీసిపారేయను. 2008లో అచ్చయిన ఒక ప్రయోగంలో, పర్యావరణం కోసం అని రాసిన కార్డుకు 35 శాతం అతిథులు స్పందించారు. ఈ హోటల్లో ఎక్కువమంది తువ్వాళ్లు మళ్లీ వాడుతున్నారు అని రాస్తే అది 44 శాతానికి పెరిగింది. మనిషి పక్క మనిషిని చూసి నేర్చుకుంటాడు. హోటలు హోటలును చూసి నేర్చుకోదా? షాంపూ చిన్న ప్లాస్టిక్ సీసాలు కొన్ని హోటళ్లు తమంతట తామే మానేయడం మొదలుపెట్టాయి. 2019లో కాలిఫోర్నియా దాన్ని చట్టమే చేసింది. యాభై గదులు దాటినవాళ్లు 2023 నుంచి, చిన్నవాళ్లు 2024 నుంచి ఇవ్వకూడదు.

మామ: అంటే ఉన్నోళ్లు ముందు నడిస్తే లేనోళ్లు వెనుక వస్తరంటవ్.

కోడలు: మొదటిసారి కట్టేటప్పుడు ఖర్చు ఎక్కువ, భయం ఎక్కువ. డబ్బున్న చోటే ప్రయోగం జరుగుతుంది. అమెరికా బయట లీడ్ ప్లాటినం అందుకున్న మొట్టమొదటి భవనం ఎక్కడుందో తెలుసా? మన హైదరాబాద్‌లోనే. కొత్తగూడ దగ్గర సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. అది నిలబడ్డాకే దేశంలో మిగతావాళ్లకు నమ్మకం కుదిరింది.

మామ: ఆ బిల్డింగు నాకు తెల్వదా ఏంది. అది కట్టిననాడు చుట్టూ రాళ్ల గుట్టలుండె. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఎవరో పెట్టిపోయినట్టు. ఆ గుట్టలేవి ఇప్పుడు? పేల్చి, చదును చేసి, అద్దాల మేడలు లేపిన్రు. అండ్ల మస్తు మేడలకు ఇట్లాంటి గ్రీన్ సర్టిఫికెట్లే ఉన్నయట. బిల్డింగు బిల్డింగుకు మార్కులు వేసుకుంట పోతే ఊరికి మార్కులు వేసెటోడు ఎవడు?

ఇక్కడ నేను మామ పక్షం. భవనాన్ని కొలిచే పద్ధతులు మనకు బాగానే అబ్బాయి. కరెంటు ఎంత, నీళ్లు ఎన్ని, చెక్క ఎక్కడిది అన్నీ పట్టికలో పడతాయి. ఆ భవనం ఏ నేల మీద లేచింది, దాని చూపునకు అందే నేల రేపు ఏమవుతుంది అన్నవాటికి పట్టికలో ఉన్న చోటు చాలా చిన్నది. నాపాలో గది అద్దెలో అధికభాగం గదికి కాదు, కిటికీలోంచి కనపడే తోటలకే. అయితే ఆ తోటలు ఇంకా ఎందుకున్నాయన్నది అడగాల్సిన ప్రశ్న. దాన్ని అడిగింది కూడా మామే.

మామ: పొద్దుగాల లేచి తోటల పక్కన నడిచిన. ఇక్కడ తీగలు నడుమెత్తున కంచెలెక్క నిలబెడతరు. మాది పందిరి. అనాబ్-ఎ-షాహీ తీగను పందిరి మీదికి పాకించి ఏప్రిల్ల ఒకసారి, అక్టోబర్ల ఒకసారి కత్తిరిస్తే ఫిబ్రవరి, మార్చికి కోత. ఎకరానికి ఇరవై టన్నులు తీసినం. ఇక్కడ నాలుగు టన్నులొస్తే సంతోషమట. ఇక్కడి తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతది. మా తీగకు నిద్రే లేదు.

కోడలు: కావాలనే తక్కువ కాపు ఉంచుతారు. నాపా కాబర్నే సావిన్యాన్ రకం టన్ను ధర ఈమధ్య ఎనిమిది వేల డాలర్లు దాటింది. 1976లో పారిస్‌లో సీసాల పేర్లు కనపడకుండా పెట్టిన రుచి పోటీలో ఈ లోయ వైన్లు, తెల్లదీ ఎర్రదీ రెండూ, ఫ్రాన్స్ వాటిని దాటి మొదటి స్థానాల్లో నిలిచాయి. లెక్కలోకి తీసుకున్న మార్కులన్నీ ఫ్రెంచి జడ్జీలవే. అప్పట్నుంచి ఈ నేలకు పట్టిన అదృష్టం వేరు.

మామ: పైసలొచ్చే పంట గనుక నిలబడ్డదంటవా? మాదీ పైసలొచ్చిన పంటే. మేడ్చల్ తోటలు చూసెటందుకు ఎక్కడెక్కడి రైతులో వచ్చెటోళ్లు. నీళ్లు తగ్గినయి, కాలం గాని కాలంల వానలు పడ్డయి, కూలి పెరిగింది, అన్నీ నిజమే. కానీ ఆఖరి దెబ్బ అవి కాదు. పక్క చేను ప్లాట్లయింది. ఆ ధర చూసినంక పందిరి కింద మందు కొట్టుకుంట ఎవడుంటడు? నేనూ ఉండలే. శాన్ ఫ్రాన్సిస్కో ఇంత దగ్గర పెట్టుకోని ఇక్కడ ప్లాట్లెందుకు కాలే?

కోడలు: పంట కాపాడలేదు మామా, నువ్వన్నది నిజం. నేనుండే శాన్ హోసే, ఆ సాంటా క్లారా లోయంతా ఒకప్పుడు ఆప్రికాట్ తోటలు, ప్లమ్ తోటలు. మంచి నేల, మంచి రాబడి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లలో అన్నీ ఇళ్లూ ఆఫీసులూ అయిపోయాయి. ఇప్పుడు దాన్నే సిలికాన్ వ్యాలీ అంటున్నాం. నాపావాళ్లు అది కళ్లారా చూశారు. 1968లో, పారిస్ పోటీకి ఎనిమిదేళ్ల ముందే, లోయ నేలను వ్యవసాయ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. ఇరవై ఎకరాల కన్నా చిన్న ముక్క చేయకూడదన్నారు. తర్వాత దాన్ని నలభై ఎకరాలకు పెంచారు.

మామ: రైతులు ఒప్పుకున్నరా?

కోడలు: అందరూ ఒప్పుకోలేదు. నా భూమి నేను అమ్ముకోకుండా నువ్వెవరివి అని గొడవ జరిగింది. భూమి ధర పడిపోతుందని భయపడ్డారు. ఇప్పుడు ఆ లోయలో మంచి తోట ఎకరం మూడు లక్షల డాలర్ల పైమాటే.

మామ: సర్కారు మారితే రూలు మారుతది గద. ఎవరో ఒక కొత్త నాయకుడు వచ్చి సంతకం పెడితే పాయె.

కోడలు: అక్కడే వాళ్లు ఇంకో ముడి వేశారు. 1990లో ప్రజలే ఓటు వేసి ఒక నియమం పెట్టుకున్నారు. సాగు భూమిని వేరే వాడకానికి మార్చాలంటే కౌంటీ నాయకుల సంతకం చాలదు, ఓటర్లు ఒప్పుకోవాలి. ఆ నియమం గడువు దగ్గరపడకముందే, 2008లో మళ్లీ ఓటు వేసి 2058 దాకా పొడిగించారు. అందుకే తోటల నడుమ కొత్త హోటలు కట్టుకోవడానికి ఇష్టమొచ్చినట్టు వీల్లేదు. మన హోటలు కూడా పట్టణం హద్దులోనే ఉంది.

మామ: ఇగ ఇది చెప్పు మొదలు! పొద్దట్నుంచి గొట్టాలు, పలకలు, తెరలు అని చెప్తున్నవ్. ఈ హోటలుకు ప్లాటినం రాకపోయినా ఈ లోయ ఇట్లనే ఉండు. ఆ రూలు లేకుంటే పది ప్లాటినం హోటళ్లొచ్చినా తోట ఉండకపోవు.

కోడలు: ఒప్పుకుంటాను. కానీ ఆ చట్టానికి నువ్వు పూర్తి మార్కులు వేసేస్తున్నావు. ఇళ్లు కట్టనివ్వకపోతే ఉన్న ఇళ్ల ధర ఏమవుతుంది? ఈ హోటల్లో మన మంచం సర్దిన అమ్మాయి యౌంట్‌విల్‌లో ఇల్లు కొనగలదా? ఈ లోయలో పనిచేసేవాళ్లు చాలామంది వల్లేహో నుంచో ఫెయిర్‌ఫీల్డ్ నుంచో రోజూ కారులో వస్తారు. సాయంత్రం 29వ నంబరు రోడ్డు చూశావుగా. ఆ పొగ ఎవరి ఖాతాలో వేయాలి?

మామ: ద్రాక్ష కోసే కూలోళ్లు ఏడ ఉంటరు? మెక్సికోవాళ్లే కనపడ్డరు తోటలల్ల.

కోడలు: కౌంటీ నడిపే వసతి గృహాలు మూడున్నాయి. ఒక్కోదాంట్లో అరవై పడకలు. వాటి ఖర్చు కోసం తోటల యజమానులు ఎకరానికి ఇంత అని తమ మీద తామే పన్ను వేసుకున్నారు. 2002 నుంచి కడుతున్నారు.

మామ: తోటలు ఎన్ని ఎకరాలు?

కోడలు: నలభై అయిదు వేల ఎకరాల దాకా.

మామ: నలభై అయిదు వేల ఎకరాలకు నూట ఎనభై పడకలు. పన్ను వేసుకున్నందుకు వాళ్లను తప్పు పట్ట. ఆ సంఖ్యను మాత్రం పడుతున్న.

ఆ సంఖ్య నన్నూ వదలలేదు. పర్యావరణ హితం అన్న మాటలో నేల ఉంది, నీరు ఉంది, గాలి ఉంది. తీగ కత్తిరించే చేయి చాలాసార్లు ఉండదు. ఆ తర్వాత మామా కోడళ్ల మాట కార్చిచ్చుల మీదికి మళ్లింది.

కోడలు: నీ చట్టం ఆపలేనిది ఒకటుంది మామా. 2020 సెప్టెంబరులో గ్లాస్ ఫైర్ అని పెద్ద కార్చిచ్చు వచ్చింది. 67 వేల ఎకరాలు కాలాయి. కాలిస్టోగా రాంచ్ అనే ఖరీదైన రిసార్టు బూడిదైంది. మెడోవుడ్ అనే ఇంకో రిసార్టులో పేరున్న రెస్టారెంటు తగలబడింది. మంట తగలని తోటలనూ పొగ వదల్లేదు. పొగలోని పదార్థాలు ద్రాక్ష తొక్కలోకి ఇంకి, లోపలి చక్కెరలతో కలిసిపోయి, పులియబెట్టాక బూడిద రుచిగా బయటికొస్తాయి. ఆ ఏడాది ఎర్ర వైనే చేయనివాళ్లు చాలామంది. అడవులు అంతగా ఎండిపోవడంలో వాతావరణం వేడెక్కడం పాత్ర ఉంది. సాగు భూమి అని గీత గీస్తే పొగ ఆగదు. కరెంటు తక్కువ తాగే భవనాలు కావాలి, అన్ని చోట్లా కావాలి. నా గొట్టాలనూ పలకలనూ అంత తేలిగ్గా కొట్టిపారేయకు.

మామ: కొట్టిపారేస్తలేను. ఈ బోరు పని ఈ ఒక్క హోటలుకే ఆగితే అది ఉన్నోని సోకు. ఆ మంచం సర్దే పిల్ల ఉండే ఇంటికి పోయిననాడు నేనూ చప్పట్లు కొడత. అది ఎప్పుడు పోతది?

కోడలు: పోతోంది. నేల బోర్ల ఖర్చు ఇంకా ఎక్కువే. గాలిలోంచి వేడి తీసుకునే హీట్ పంపులు మాత్రం మామూలు ఇళ్లకూ వస్తున్నాయి. నువ్వనుకున్నంత వేగంగా కాదు.

మామ: మరి మనకాడ? మన తోటలకు ఎవడూ గీత గీయలేదా?

కోడలు: మేడ్చల్ వైపు లేదు. హైదరాబాద్‌కు పడమర గీశారు. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల్ని కాపాడ్డానికి 1996లో 111వ జీవో ఇచ్చారు. 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు, ఫ్యాక్టరీలు, హోటళ్లు రాకుండా ఆపారు. ఆ రైతులకూ కోపమే వచ్చింది. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే మాకేంటీ శిక్ష అన్నారు. 2022 ఏప్రిల్‌లో 69వ జీవోతో ఆ ఆంక్షలు సడలించారు.

మామ: ఓటు అడిగిన్రా?

కోడలు: లేదు.

మామ: ఆ రైతుల కోపం నాకు సమజైతది. నేనూ అమ్మినోన్నే. చెరువు అందరిదైతే దాన్ని కాపాడే నష్టం ఆ 84 ఊర్ల నెత్తిన్నే ఎందుకు పెడతరు? నీళ్లు తాగే పట్నం వాళ్లకు ఏడాదికింత అని కట్టియ్యాలె. కట్టియ్యక, ఊకె ఆపితే, ఎప్పుడో ఒకనాడు గీత చెరిగిపోతది. నాపావాళ్లకు వైన్ కలిసొచ్చింది, గీతే వాళ్లకు లాభమైంది. మనకు కలిసిరాలే. అందుకని గీతే తప్పని అనరాదు.

కోడలు ఆ మాటకు ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పను. నాపా హోటలులోని ఇంజనీరింగ్ నిజమైనదే. దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ లోయలో అన్నిటికన్నా గొప్ప పర్యావరణ కట్టడం హోటలు కాదు. అది 1968 నాటి ఆ తీర్మానం, దానికి ప్రజలు రెండుసార్లు వేసిన ఓటు. దానికి కూలీల ఇళ్లు చేర్చనంతవరకు అదీ సగమే.

ఆ చెరువుల వైపే, మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల దారుల్లో ఇప్పుడు ‘ఎకో’ అనీ ‘నేచర్’ అనీ బోర్డులు పెట్టుకున్న బసలు చాలా ఉన్నాయి. సెలవు రోజున గది తీసుకునేవాళ్లు తువ్వాళ్ల గురించి అడగనక్కర్లేదు. ఆ భూమి రికార్డులో ఏమని ఉంది, మురుగు ఎటు పోతుంది, బోరు ఎన్ని అడుగులు, గది శుభ్రం చేసేవాళ్లు ఎక్కడ నుంచి వస్తున్నారు, ఈ నాలుగూ అడగండి. సమాధానం చెప్పనివాళ్ల దగ్గర బస చేయకండి.